అడ్డం లేని వీధి

విజిల్ బాబాయి ఊదితే కదలని బండి ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. కావాలంటే రాసుకోండి. రెండు చక్రాలదైనా, నాలుగు చక్రాలదైనా, మూడింటి మీద నిలబడి నాలుగోదాని కోసం ఎదురుచూస్తున్నదైనా సరే, ఆ ఇత్తడి విజిల్ ఒక్కసారి కూసిందంటే పక్కకి తప్పుకోవలసిందే. ఓసారి ఆయన ఈలకి ఆకాశంలో పోతున్న విమానం కూడా కాస్త పక్కకి ఒరిగిందని చెప్పేవాళ్ళున్నారు. అది నేను నమ్మను. మేఘం జరిగిందంటే మాత్రం ఆలోచిస్తాను.

అంతటి విజిల్‌ని ఆ పొద్దున బాబాయి వంటింటి గడప మీద కూర్చుని చిరిగిన బనీను ముక్కతో తుడుస్తున్నాడు. రోజూ తుడిచేదే. ముందు పెదవికి ఆనే కొస, తర్వాత పొట్ట, చివర్న నల్లతాడు కట్టిన రింగు. తుడిచాక చెవి దగ్గర పెట్టుకుని ఓసారి ఆడించి లోపలి గింజ చప్పుడు వినాలి. గింజ ఆడింది. ఊపిరే సరిగా ఆడడం లేదు. తెల్లారగట్ల పట్టుకున్న దగ్గు అప్పులవాడిలా గుమ్మంలోనే కూర్చుంది.

పొడుగ్గా, సన్నగా, మెడ మీద నరాలు తాళ్ళలా తేలిన మనిషి. ఏళ్ళ తరబడి ఊది ఊది సాగిపోయిన బుగ్గలు రెండూ ఖాళీ సంచుల్లా వేలాడుతుంటాయి. ఊదినప్పుడు మాత్రం అవి నిండి మొహానికి వయసు తగ్గిస్తాయి. కింది పెదవి మధ్యలో, విజిల్ ఆనే చోట, చిన్న నొక్కు. పురపాలక సంఘం వాళ్ళిచ్చిన ఆకుపచ్చ చొక్కా భుజాల దగ్గర పసుపుకి తిరిగింది. పైబొత్తాం ఊడిపోతే దాని స్థానంలో భార్య కోటు బొత్తాం ఒకటి కుట్టింది. అది కన్నంలో పట్టదు. అందుకని బాబాయి మెడ ఎప్పుడూ గాలికి తెరిచే ఉంటుంది.

భార్య పొయ్యి దగ్గర్నుంచి చూస్తోంది. ఆమెకి ఆయన ‘ఇదుగో’, ఆయనకి ఆమె ‘ఏమే’. ఇన్నేళ్ళ కాపురమూ ఆ రెండు పిలుపుల మీదే నడిచింది.

“ఇదుగో, డాక్టరు విజిల్ ఊదొద్దన్నాడా లేదా?”

“పొగ దగ్గరికి పోవద్దన్నాడే. విజిల్ మాట మెల్లగా అన్నాడు.”

“మెల్లగా అంటే వినబడదా? చెవుడా నీకు?”

“ఇన్నేళ్ళు ఇది ఊదినవాడికి చెవుడు రాక చెవులకి పోగులొస్తాయటే?”

ఆమె నవ్వలేదు. పొగ అన్న మాట దగ్గరే ఇద్దరి మనసులూ ఆగిపోయాయి.

ఊరి చివర చెత్తగుట్ట ఉంది. పైకి చూస్తే మట్టిదిబ్బలా పడుకుని ఉంటుంది గానీ లోపల్లోపల రాత్రింబవళ్ళు కాలుతూనే ఉంటుంది. ఆ పొగ నల్లగా ఉండదు, తెల్లగా ఉండదు. ఉడకబెట్టిన ప్లాస్టిక్కు రంగులో ఉంటుంది. వీధుల్లో ఇక అక్కర్లేదనుకున్న మనుషుల్ని సంఘం వాళ్ళు అక్కడికే పంపుతారు. బాబాయితో పాటు పనిలో చేరినవాడొకడు అలాగే వెళ్ళి, చలికాలం చూడకుండానే మంచమెక్కి, మంచం దిగకుండానే పోయాడు. వాడి ఛాతీ బాబాయి ఛాతీ కంటే గట్టిది.

ఇవాళ పురపాలక సంఘం వారి పర్యవేక్షణ కమిటీ బాబాయి వీధికి వస్తోంది. చెత్త ఎలా ఎత్తుతున్నారు, బండ్లు ఎలా నిలుపుతున్నారు, దారికడ్డం తీయడానికి ఈ వీధిలో ఒక మనిషి ఇంకా కావాలా వద్దా అన్నది అక్కడికక్కడే తేల్చేస్తారట. వద్దంటే గుట్టే. ఈ కబురు చెవిలో వేసింది చెత్తలారీ డ్రైవరు. బాబాయిని మామా అని పిలుస్తాడు. పిల్లనిచ్చి కాదు, రోజూ ఎదురుపడి.

“నీ ఛాతీ సంగతి వాళ్ళకి చెప్పుకోరాదా?” అంది భార్య.

“చెబితే ఏమంటారు? ఊపిరి లేనివాడికి విజిలెందుకు, ఇంట్లో కూర్చోమంటారు. నేను ఇంట్లో కూర్చుంటే నువ్వు రెండో పూటకే పారిపోతావు.”

“మరేం చేస్తావు?”

“నేను చేసేదేం లేదు. అంతా మా వీధే చేసి పెడుతుంది. కమిటీ వచ్చేసరికి బండ్లన్నీ ఇరుక్కుని ఉంటాయి. లారీ సందు మొగలో నిలబడి ఏడుస్తుంటుంది. అప్పుడు నేను ఊదుతాను. కళ్ళున్నవాళ్ళకి చాలదూ?”

ఆమె గ్లాసులో వేడినీళ్ళు పోసి చేతికిచ్చింది. “దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళని చూశాను, మనుషుల్ని నమ్ముకున్నవాళ్ళని చూశాను. అడ్డంగా పెట్టిన బండ్లని నమ్ముకున్నవాణ్ణి నిన్నే చూస్తున్నా.”

బాబాయి నీళ్ళు తాగి, విజిల్ మెళ్ళో వేసుకుని బయల్దేరాడు.

ఈ మధ్య ఆయనకి దారి పొడుగయింది. ఊపిరి అందనప్పుడల్లా ఏ గోడ దగ్గరో ఆగి, దాని మీది సినిమా పోస్టరు చదువుతున్నట్టు నిలబడతాడు. నటీనటుల పేర్లన్నీ అయ్యాక, ముద్రించిన ప్రెస్సు పేరు దాకా చదువుతాడు. ఈ వయసులో సినిమా పిచ్చి పట్టిందేమిటని చూసినవాళ్ళు నవ్వుకుంటారు. ఆయన చివరిసారి సినిమా చూసింది పెళ్ళికి ముందు. అందులోనూ ఇంటర్వెల్ దాకానే.

ఇక ఆ వీధి. వీధి అనడం మర్యాద కోసం. నిజానికి అది ఒక సందు. రెండు వైపులా మేడలు ఒకదాని మొహంలోకి ఒకటి వంగి గుసగుసలాడుతున్నట్టుంటాయి. ఒకింట్లో తుమ్మితే ఎదురింటివాళ్ళు రుమాలు వెతుక్కుంటారు. ఆ సందులో రెండు పక్కలా బండ్లు పెడితే మధ్యలో పిల్లి నడవొచ్చు, అదీ తోక నిటారుగా పెట్టుకుని. చెత్తలారీ వచ్చే వేళకి ముందు విజిల్ ఊదుకుంటూ నడిచి, ఒక్కో ఇంటివాణ్ణీ లేపి, తిట్టించుకుని, బతిమాలి, బండ్లు పక్కకి తీయించి, లారీకి ఎదురుగా వెనక్కి నడుస్తూ దాన్ని లోపలికి తీసుకురావడం బాబాయి పని. చంటిబిడ్డకి నడక నేర్పుతున్నట్టే ఉంటుంది చూడ్డానికి. కాకపోతే ఆ బిడ్డ కంపు కొడుతుంది.

ఇప్పుడు మొదట్లో నేను రాసుకోమన్న మాట కొట్టేసుకోండి. కదలని బండి ఒకటుంది. మొహమాటం లేకుండా చెప్పేస్తున్నాను, బాబాయి ఈలకి మేఘం కదిలిందేమో గానీ మేనేజరు గారి కారు కదల్లేదు.

మేనేజరు గారంటే బ్యాంకులో పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి. సందు వంపు తిరిగే చోట ఆయన ఇల్లు. సరిగ్గా ఆ వంపులో, బూడిదరంగు గుడ్డ ముసుగేసుకుని, పెళ్ళికూతురిలా తల వంచుకుని ఆయన కారు. ఆ ముసుగు తీసి దాని మొహం చూసినవాళ్ళు వీధిలో తక్కువ. లోపల ఇంజను ఉందన్నవాళ్ళు ఇంకా తక్కువ. రోజూ లారీ దాని దగ్గరికి వచ్చేసరికి బాబాయి గేటు ముందు నిలబడి, “సార్, బండి” అంటాడు. మేనేజరు గారు పేపరు దించకుండానే, “అడ్డం నా బండి కాదయ్యా, మీ లారీ లావు” అంటారు. ఆ తర్వాత బాబాయి ఒక చెయ్యి కారు మీద, ఒక చెయ్యి లారీ మీద వేసి, రెండింటి మధ్యా తన సన్నటి ఒళ్ళు కొలబద్దలా పెట్టి, కూత కూతకీ కాస్త చొప్పున లారీని దాటిస్తాడు. ఇంతవరకూ గీత పడలేదు. ఒకసారి మేనేజరు గారు జ్వరంతో పడుకుని బయటికి రాకపోతే, బాబాయి గేటు దగ్గర నిలబడి “సార్, బండి” అని, కాసేపాగి, “మీ లారీ లావు” అని ఆయన మాట కూడా తనే అనేసి పని చూసుకున్నాడు.

ఆ కారు మీదే బాబాయికి ఇవాళ కొండంత ధైర్యం. మిగతావాళ్ళు భయపడి బండ్లు తీసినా, ఆ కారు తీయడం మాత్రం ఎవరి తాతతరమూ కాదు.

తప్పు ఆయన వైపు కూడా ఒకటి ఉంది. నిన్న సాయంత్రం సందు మొదట్లో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ పిలిచింది. “కమిటీ వస్తోందట కదా బాబాయ్, దేనికి?” అని అడిగింది. నన్నుంచాలో పంపాలో తేల్చడానికమ్మా అన్న మాట నాలుక కొస దాకా వచ్చింది. అక్కడ నిలబడి ఉన్నవాళ్ళ మొహాలు చూశాడు. ఇన్నేళ్ళు వాళ్ళ ముందు బుగ్గలు పూరించుకుని నడిచినవాడు, ఇప్పుడు చెయ్యి చాపినట్టు ఎలా చెబుతాడు?

“దేనికేముందమ్మాయ్, నా పనితనం చూడ్డానికి. ఊరందరికీ మన వీధిని నమూనాగా చూపిస్తారట” అనేశాడు.

కోతలు కోయడం నాకొక్కడికే వచ్చనుకోకండి.

సందు మొగలో అడుగుపెట్టి బాబాయి అలవాటుగా విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఊదలేదు. పెదవుల మధ్య విజిల్ అలాగే ఉండిపోయింది.

సందు ఖాళీగా ఉంది.

స్కూటరు లేదు, తోపుడుబండి లేదు, మూలన పడుండే ఆటో లేదు. ఇన్నేళ్ళుగా బండ్ల వెనక దాక్కున్న గోడలు అడుగు దాకా బయటపడి, గుండు చేయించుకున్న తలలా వెలవెలబోతున్నాయి. నేలంతా కడిగారు. రాళ్ళు తడిగా మెరుస్తున్నాయి. పళ్ళన్నీ ఊడిన నోట్లోకి చూస్తున్నట్టయింది బాబాయికి. గుమ్మాల్లో జనం నిలబడి ఆయన మొహం వంకే చూస్తున్నారు. కానుక విప్పబోయేవాడి మొహం చూస్తారే, అలాగ.

“ఎలా ఉంది బాబాయ్?” టైలరమ్మ మెళ్ళో కొలతటేపుతోనే పరిగెత్తుకొచ్చింది. “నీ పరువంటే మా పరువు కాదూ! రాత్రే అందర్నీ పట్టుకున్నా. బండ్లన్నీ వెనక మైదానంలో పెట్టేశాం. ఒక్క సైకిలు కూడా లేదు చూడు!”

బాబాయి వంపు వైపు నడిచాడు. నడిచాడంటే నడవలేదు, ఆయన కాళ్ళే ఆయన్ని లాక్కెళ్ళాయి.

కారు లేదు.

అదున్న చోట నేల అదే ఆకారంలో తెల్లగా మిగిలింది. ఆ తెలుపు మీద ఎండుటాకులు, ఏ పిల్లాడో ఏడ్చి మరిచిపోయిన రబ్బరుబంతి, ఒంటిచెప్పు, తుప్పుపట్టిన గొడుగు ఊచ. చక్రాలు ఆనిన నాలుగు చోట్లా నాలుగు గుంటలు.

“సారు కారు...” అన్నాడు.

“తోశాం!” అంది టైలరమ్మ. “మగాళ్ళంతా తోశారు, ఆడాళ్ళం వెనకనుంచి తిట్టాం. నిజం చెప్పాలంటే తిట్లకే ఎక్కువ కదిలింది. సారే వచ్చి తాళం ఇచ్చారు. బాబాయి కోసం ఒక్కరోజు సర్దుకుంటానన్నారు.”

ఇస్త్రీ చొక్కా వేసుకుని మేనేజరు గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన నవ్వగా బాబాయి ఎప్పుడూ చూడలేదు. ఇవాళ నవ్వారు. బాబాయి టైలరమ్మ వైపు తిరిగాడు.

“అమ్మాయ్, బండ్లు మళ్ళీ తెచ్చి పెట్టించు. తొందరగా.”

టైలరమ్మ వీధంతా వినబడేలా నవ్వింది. “విన్నారా! ఇన్నేళ్ళూ తియ్యండి తియ్యండి అని మన చెవులు చిల్లులు పొడిచాడు. తీస్తే పెట్టమంటున్నాడు. అత్తగారి కంటే అన్యాయం బాబాయ్ నువ్వు!”

“హాస్యం కాదమ్మా. సారు కారొక్కటైనా...”

తర్వాతి మాటకి దగ్గు అడ్డం వచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయాడు. ఎవరో నీళ్ళు తెచ్చారు. సంతోషం పట్టలేకపోతున్నాడని ఇంకెవరో అన్నారు. ఆయన మళ్ళీ నిటారయ్యేసరికి సందు మొగలో కమిటీ వాళ్ళ తెల్ల వ్యాను ఆగింది.

కమిటీ అంటే ముగ్గురు మనుషులూ ఒక గొడుగూ. ముందు నడుస్తున్న పెద్దావిడ అధ్యక్షురాలు. నెరిసిన జుట్టు, కాళ్ళకి నడక బూట్లు, ఎండకి కమిలిన ముక్కు. చెడ్డమనిషి కాదు. పొద్దున్నుంచీ ఊళ్ళో కంపు వీధులన్నీ తిరిగి వచ్చిన మనిషి. సందులోకి రాగానే ఆగి, గొడుగు ముడిచి, గుండెనిండా గాలి పీల్చింది.

“అమ్మయ్య! ఊపిరి పీల్చుకోవడానికి చోటున్న వీధి ఇవాళ ఇదొక్కటే చూశాను.”

వెనక కుర్రసభ్యుడు ఖాళీ సందుని ఫోనులో ఫోటోలు తీశాడు. మూడోవాడు వార్డు సూపర్‌వైజరు. నేల వంక, ఆకాశం వంక తప్ప మరెటూ చూడడం లేదు.

“మీరంతా బండ్లు ఎక్కడ పెట్టుకుంటారు?” అని అడిగింది అధ్యక్షురాలు.

మేనేజరు గారు గొంతు సవరించుకున్నారు. “మేం రోడ్డు మీద పెట్టమండీ. నా మటుకు నేను ఒక్కరోజు, ఒక్క పూట కూడా రోడ్డు మీద పెట్టి ఎరగను.”

ఆ మాటకి మైదానంలో ఆ కారు ముసుగు ఇంకాస్త కిందికి లాక్కునే ఉంటుంది.

అధ్యక్షురాలు బాబాయి వైపు తిరిగింది. మెళ్ళో విజిల్ చూసి మెత్తగా అడిగింది. “మీరేం చేస్తారిక్కడ?”

“బండ్లు తప్పిస్తానమ్మా.”

“ఏ బండ్లు?”

బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. చూసి ఏం లాభం? తడిరాళ్ళ మీద ఎండ పడి మెరుస్తోంది. ఇక దాచడానికేం లేదు.

“రోజూ ఉంటాయమ్మా. రెండు పక్కలా ఉంటాయి. లారీ రాదు. మీరొస్తున్నారని ఇవాళొక్కరోజు తీశారు.”

కుర్రసభ్యుడు ఫోను దించాడు. “అంటే రోజూ దారికడ్డంగానే పెడతారన్నమాట. మరి చెప్పరేం? పక్క వార్డులో చక్రాలకి తాళాలు వేయించాం. ఇక్కడా రేపట్నుంచే వేయిద్దాం.”

“నిజమేనా?” అని అధ్యక్షురాలు జనాన్ని అడిగింది.

టైలరమ్మ ముందుకొచ్చింది. చక్రాలకి తాళాల మాట విని ఆమె మొహం పాలిపోయింది. అయినా బాబాయి వైపు చూసి, నేనున్నా కదా అన్నట్టు కన్నుగీటింది.

“అయ్యో, లేదమ్మా! బాబాయి మాట పట్టించుకోకండి. తన గొప్ప తను చెప్పుకోలేని మొహమాటం మనిషి. ఆయన భయానికే ఈ వీధిలో ఎవరూ బండి నిలపరు. ఇవాళే కాదు, ఎప్పుడు చూసినా ఇంతే!”

“అవునమ్మా, ఎప్పుడూ ఇంతే” అన్నారు గుమ్మాల్లోంచి అందరూ.

సరిగ్గా అప్పుడే సందు మొగలోకి లారీ వచ్చింది. రోజూ అక్కడ ఆగి ఊరు అదిరేలా హారను కొట్టే డ్రైవరు ఇవాళ కొట్టలేదు. లోపలికి తొంగిచూసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూశాడు. తర్వాత లారీ పాము పుట్టలోకి పోయినంత నున్నగా లోపలికి వచ్చింది. బాబాయి అలవాటుకొద్దీ దాని ముందు నిలబడి విజిల్ నోట్లో పెట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసి ఊదాడు. తుస్సుమంది. గింజ కదిలిన చప్పుడు కూడా రాలేదు. ఊదడానికి ఎదురుగా ఏమీ లేదు కూడా. లారీ ఆయన్ని ఒరుసుకోకుండా, ఆయనకోసం ఆగకుండా, విశాలంగా పక్కనుంచి వెళ్ళి వంపు దగ్గర ఆగింది.

అధ్యక్షురాలు చాలాసేపు చూసింది. నిజంగానే శ్రద్ధగా చూసింది.

“ఈయన సాయం లేకుండానే లారీ హాయిగా పోతోంది కదా” అంది సూపర్‌వైజరుతో. “ఇంత అనుభవమున్న మనిషిని ఖాళీగా నిలబెట్టడం ఆయనకీ అవమానమే. గుట్ట దగ్గర మనుషులు చాలక అల్లాడుతున్నారు. రేపట్నుంచి అక్కడికి రమ్మనండి.” తర్వాత జనం వైపు తిరిగి గొంతు పెంచింది. “మీ వీధిని ఊరందరికీ నమూనా వీధిగా చూపిస్తాం!”

గుట్ట మాట లారీ హోరులో కొట్టుకుపోయింది. నమూనా మాటే జనం దాకా వచ్చింది. చప్పట్లు కొట్టారు. నిన్న బాబాయి కోసిన కోత అక్షరాలా నిజమైంది. నా కోతలు ఇన్నేళ్ళలో ఒక్కటీ నిజం కాలేదు. అందుకు దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

వెళ్తూ వెళ్తూ సూపర్‌వైజరు డ్రైవరు చెవిలో గుట్ట మాట వేశాడు. వ్యాను వెళ్ళిపోయాక డ్రైవరు లారీ దిగాడు.

“మామా, గుట్టకా? నీ ఛాతీతోనా?”

“గుట్టేంటి?” అంది టైలరమ్మ. “నమూనా అన్నారుగా?”

“నమూనా మీకక్కా. మామకి గుట్ట. ఈ వీధికి మనిషి కావాలా వద్దా అని చూడ్డానికి వచ్చారు వాళ్ళు. బండ్లు అడ్డంగా ఉంటేనే మామకి పని. ఒక్క బండీ ఉండదని మీరంతా కలిసి చూపించారు.”

టైలరమ్మ చేతిలో కొలతటేపు రెండు చుట్లు చుట్టుకుని బిగుసుకుంది. “నిన్న నేనడిగాను కదా బాబాయ్. నోరు తెరిచి చెప్పలేదేం?”

“చెప్పలేదమ్మా” అన్నాడు బాబాయి.

మేనేజరు గారు గేటు ఊచ పట్టుకుని నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా చంకల దగ్గర తడిసింది. “నేను వెళ్ళి చెప్పొస్తాను. ఇప్పుడే వెళ్తాను. నా కారు రోడ్డు మీదే ఉంటుందని చెబుతాను.”

“ఎవరు నమ్ముతారు సార్?” అన్నాడు డ్రైవరు. “ఒక్క పూట కూడా పెట్టలేదన్నది తమరే కదా.”

బాబాయి మెట్టు మీద కూర్చుని, వాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. కాస్త బండి తియ్యమంటే ఇన్నేళ్ళూ వందసార్లు తిట్టినవాళ్ళు, తన కోసం అడక్కుండానే రాత్రంతా తోశారు. కోపం తెచ్చుకుందామని చూశాడు. ఎక్కడ వెతికినా దొరకలేదు.

“సరే లెండి” అన్నాడు చివరికి. “ముందు మీ బండ్లు తెచ్చుకోండి. చీకటి పడితే తోసేవాళ్ళుండరు.”

సాయంత్రం బండ్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఇన్నేళ్ళూ వాటిని బయటికి తరిమిన విజిల్ ఆ పూట లోపలికి పిలిచింది. ఊపిరి పొదుపుగా వాడుకుంటూ, పొట్టిపొట్టి కూతలతో, ఎవరి బండి ఎక్కడ అడ్డంగా ఉండేదో సరిగ్గా అక్కడే, అంతే అడ్డంగా పెట్టించాడు బాబాయి. ఆటో మూలకి చేరింది. తోపుడుబండి గోడకి ఒరిగింది. చివర్న కారు. మగాళ్ళు తోస్తున్నారు. ఈసారి తిట్లు లేవు. మేనేజరు గారు స్వయంగా స్టీరింగు పట్టుకున్నారు.

“రానీ... రానీ... కాస్త ఎడమకి... ఆపు.”

నాలుగు చక్రాలూ నాలుగు గుంటల్లో కూర్చున్నాయి. తెల్లనేల మళ్ళీ కనబడకుండా పోయింది. మేనేజరు గారు దిగి, ముసుగు కప్పి, గేటు లోపలికి వెళ్ళి నిలబడ్డారు.

“సార్, బండి” అన్నాడు బాబాయి.

మేనేజరు గారు నోరు తెరిచారు. “అడ్డం నా బండి...” అన్నారు. అక్కడే ఆగి తల పక్కకి తిప్పుకున్నారు.

“మీ లారీ లావు” అన్నాడు బాబాయి, జ్వరం వచ్చిన రోజు అన్నట్టే.

మెళ్ళోంచి విజిల్ తీశాడు. బనీను ముక్క జేబులో లేదు. చొక్కా అంచుతోనే కొస, పొట్ట, రింగు తుడిచి, గేటు గడియకి తగిలించాడు.

“అక్కడ దీనితో పనేముంది సార్. పొగని ఈలేసి తప్పించగలమా?”

సందు దాటాక మొదటి పోస్టరు దగ్గర ఆగాడు. చాలాసేపు చదివాడు.

ఇంటికి వెళ్ళాక భార్య, “ఇదుగో, ఏమన్నారు?” అని అడిగింది.

“నమూనా వీధన్నారే.”

ఆమె తాడు లేని ఆయన మెడ చూసింది. పొయ్యి మీద వేడినీళ్ళు పెట్టింది.

గుట్టకి వెళ్ళాడు. వెళ్ళక ఏం చేస్తాడు? ఆ ఏటి వానలు ఇంకా వెనకపట్టలేదు. ఒక మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసి, ఆ మూత ఒళ్ళో పెట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. కునుకు తీస్తున్నాడనుకుని తోటివాళ్ళు పొగ తగలకుండా గోనెపట్టా అడ్డం పెట్టారట.

మేనేజరు గారు సంఘం ఆఫీసుకి చాలాసార్లు వెళ్ళొచ్చారు. ఆ రోజు తను అబద్ధమాడినట్టు ఒప్పుకున్నారు. నమూనా వీధి పెద్దమనిషని వాళ్ళు ప్రతిసారీ కుర్చీ వేసి, టీ ఇచ్చి, సాగనంపారు. సందు మొగలో నమూనా వీధి అని బోర్డు పెట్టారు. దానికి ఆనించి ఎవరిదో స్కూటరు ఎప్పుడూ ఉంటుంది. లారీ ఆ బోర్డు దగ్గరే ఆగి అరిచి అరిచి వెనక్కి పోతోంది. టైలరమ్మ ఓ సంచి అటూ ఓ సంచి ఇటూ పట్టుకుని దాని వెనక పరిగెడుతోంది. మూలల్లో చెత్త పేరుకుంటోంది.

విజిల్‌ని ఆ గడియ మీంచి ఎవరూ తియ్యలేదు. గాలి గట్టిగా వీచిన రోజు అది దానంతటదే సన్నగా మోగుతుందనీ, మోగినప్పుడల్లా ముసుగు కింద ఆ కారు అంగుళం మేర వెనక్కి జరుగుతుందనీ నేను చాలామందికి చెప్పాను, వాళ్ళు నమ్మారు కూడా. మీకూ అలాగే చెప్పి ముగిద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు. అది నేను కల్పించింది. విమానం, మేఘం ఎలాగూ మీరు నమ్మి ఉండరు. మిగతాదంతా జరిగిందే. కారు జరగదు, విజిల్ మోగదు. పొట్టకి చిలుము పట్టి, లోపలి గింజ ఒక పక్కకి అతుక్కుపోయి, పెదవి ఆనే కొస ఒక్కటీ ఎవరో రోజూ తుడుస్తున్నట్టు ఇంకా మెరుస్తూ, ఆ గేటుకి నల్లతాడుతో వేలాడుతూ ఉంటుంది.